మూడేళ్లు "సోనో మామో నార్మల్": ఒకే రొమ్మును నాలుగు పరీక్షలు ఎలా చూశాయి

ఇది ఏ ఒక్క రోగి రికార్డూ కాదు. రిపోర్టింగ్ గదికి తరచూ వచ్చే రకరకాల సందర్భాలను ఏరి, బోధన కోసం ఒకే మనిషికి కూర్చిన కేసు. ఇన్నీ ఒక్కరిలో కలిసిరావడం అరుదు. విడివిడిగా మాత్రం వీటిలో ఏదీ అరుదు కాదు.

47 ఏళ్ల మహిళ. ఇబ్బందేమీ లేదు: చేతికి తగిలే గడ్డ లేదు, చనుమొన నుంచి స్రావం లేదు, చర్మం లోపలికి లాక్కుపోలేదు. నెలసరి ఇంకా క్రమంగా వస్తోంది. బరువు 58 కిలోలు. పిన్నికి 52వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ భయంతో మూడేళ్లుగా ఏటా హెల్త్ చెకప్ ప్యాకేజీలో "సోనో మామో" చేయించుకుంటున్నారు. మూడు రిపోర్టుల్లోనూ నార్మల్ అనే ఉంది.

"ఇంతకుముందు మామోగ్రామ్ తీశారా అమ్మా?" అని అడిగితే "మూడుసార్లు తీశారండీ" అన్నారు. "రెండు పలకల మధ్య పెట్టి నొక్కారా?" అన్న ప్రశ్నకు మాత్రం "లేదండీ, జెల్ రాసి స్కానింగ్ చేశారు" అన్న జవాబు వచ్చింది. కేసంతా ఈ రెండో ప్రశ్న దగ్గరే మొదలైంది.

సోనో మామోగ్రఫీ అన్న మాటకు మన దగ్గర రెండు అర్థాలు నడుస్తున్నాయి. కొన్ని సెంటర్లలో మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ కూడా చేస్తే ఆ పేరు. చాలాచోట్ల ఉత్త అల్ట్రాసౌండ్‌కే ఆ పేరు. బిల్లు మీద "మామో" అని కనబడుతుంది కాబట్టి చేయించుకున్నవారు ఎక్స్‌రే పరీక్ష అయిపోయిందనుకుంటారు. పాత రిపోర్టులో సీసీ, ఎంఎల్ఓ (మామోగ్రామ్ తీసే రెండు కోణాల పేర్లు) అన్న అక్షరాలు ఉన్నాయా, సాంద్రత (కొవ్వుతో పోలిస్తే గ్రంథి కణజాలం ఎంత ఉందన్నది) గురించి ఒక్క వాక్యమైనా ఉందా అని చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఈమె మూడు రిపోర్టుల్లోనూ ఆ రెండూ లేవు. అంటే 47 ఏళ్లకు ఇదే మొదటి మామోగ్రామ్.

మామోగ్రామ్: నొక్కుడు దగ్గరే సగం పని

నెలసరి అయిన మరుసటి వారంలో రమ్మన్నారు. అప్పుడు రొమ్ములో నొప్పి తక్కువ ఉంటుంది కాబట్టి పలక సరిగ్గా నొక్కనిస్తారు. ఆ రోజు పౌడరు, డియోడరెంటు వాడొద్దని ముందే చెప్పాలి. టాల్కమ్ పౌడరు, డియోడరెంట్లలోని అల్యూమినియం, జింక్ ఉన్న పూతమందులు ఎక్స్‌రేలో అచ్చం సున్నపు చుక్కల్లా, అంటే రొమ్ములో పేరుకున్న కాల్షియం రేణువుల్లా, కనబడతాయి. చంకలో చుక్కలు కనబడితే బయాప్సీ ఆలోచన కంటే ముందు చర్మం తుడిచి మళ్లీ ఒక ఫిల్మ్ తీయాలి. పుస్తెలతాడు తీయడానికి చాలామంది ఒప్పుకోరు. తీయమని వాదించకుండా మెడ వెనక్కి వేసి క్లిప్పు పెడితే సరిపోతుంది.

ప్రతి వైపూ రెండు బొమ్మలు: పైనుంచి కిందికి సీసీ, ఏటవాలుగా ఎంఎల్ఓ. ఎంఎల్ఓలో ఛాతీ కండరం చనుమొన ఎత్తు దాకా దిగి కనబడాలి, రొమ్ము కింది మడత విప్పారి ఉండాలి. చనుమొన నుంచి వెనక్కి గీసిన గీత పొడవు రెండు బొమ్మల్లో ఒక సెంటీమీటరుకు మించి తేడా ఉండకూడదు. తేడా ఎక్కువుందంటే వెనక భాగం ఒకదానిలో పడలేదన్నమాట. నొక్కుడు బలం సాధారణంగా 100 నుంచి 200 న్యూటన్లు, అంటే సుమారు 10 నుంచి 20 కిలోల బరువు. కొద్ది సెకన్లే. జాలిపడి వదులుగా నొక్కితే నష్టపోయేది ఆమే. కదలికకు బొమ్మ మసకబారుతుంది, మొదట మాయమయ్యేవి అర మిల్లీమీటరు కంటే చిన్నవైన సున్నపు చుక్కలే.

ఫలితం: సాంద్రత సి (ఎ నుంచి డి దాకా నాలుగు మెట్లలో మూడోది), అంటే తెల్లటి గ్రంథి కణజాలం ఎక్కువ. కుడివైపు పైబయటి భాగంలో 9 మి.మీ. నునుపు అంచుల నీడ. ఎడమ రొమ్ము పైబయటి భాగంలో, గడియారం ముల్లు లెక్కన 2 గంటల దగ్గర, 14 మి.మీ. మేర గుంపుగా సున్నపు చుక్కలు. అదనపు పరీక్షలు కావాలని బైరాడ్స్ (రొమ్ము బొమ్మల ఫలితాన్ని అంకెల్లో చెప్పే పద్ధతి) 0 ఇచ్చారు.

సాంద్రత సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, గ్రంథి కణజాలం తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. తెలుపులో తెలుపును వెతకాలి. నెదర్లాండ్స్ స్క్రీనింగ్ లెక్కల్లో కొవ్వు రొమ్ముల్లో మామోగ్రామ్ సుమారు 86 శాతం క్యాన్సర్లను పట్టుకుంటే, అత్యంత దట్టమైన రొమ్ముల్లో 61 శాతమే పట్టుకుంది. అయితే సున్నం గ్రంథి కణజాలం కంటే చాలా తెల్లన. దట్టమైన రొమ్ములో గడ్డ దాక్కోగలదు గానీ సున్నపు చుక్కలు చాలావరకు దాక్కోలేవు. ఈ తేడా గుర్తుంటే మిగతా కేసంతా అర్థమవుతుంది.

టోమోసింథసిస్ ఏం చేసింది, ఏం చేయలేదు

ఈ యంత్రంలో టోమోసింథసిస్ ఉంది. ట్యూబు ఒక వంపులో కదులుతూ తక్కువ డోసుతో పలు బొమ్మలు తీస్తుంది, వాటిని కంప్యూటరు ఒక్కో మిల్లీమీటరు పొరలుగా విడదీస్తుంది. ఒకదానిమీద ఒకటి పడి గడ్డలా భ్రమ కలిగించే కణజాలం పొరల్లో విడిపోతుంది. అమెరికాలో 13 కేంద్రాల నుంచి 4,54,850 పరీక్షలతో 2014లో వచ్చిన అధ్యయనంలో, డిజిటల్ మామోగ్రామ్‌కు టోమో జోడిస్తే క్యాన్సర్లు వెయ్యికి 4.2 నుంచి 5.4కు పెరిగాయి, మళ్లీ పిలిపించాల్సినవారు 107 నుంచి 91కి తగ్గారు. రెండూ ఒకేసారి మెరుగుపడటం స్క్రీనింగ్‌లో తరచూ చూసేది కాదు.

కుడివైపు నీడ అంచులు పొరల్లో శుభ్రంగా కనబడ్డాయి. ఎడమవైపు చుక్కల విషయంలో మాత్రం టోమో పెద్దగా సాయపడలేదు. గుంపు రెండు మూడు పొరల మీద చీలిపోవడంతో ఒక్కో పొరలో నాలుగైదు చుక్కలే కనబడి పెద్ద విషయం కాదనిపించింది. డోసు తగ్గించడానికి అసలు 2డి బొమ్మ బదులు పొరల నుంచి కంప్యూటరు అల్లే సింథటిక్ బొమ్మను చాలాచోట్ల వాడుతున్నారు. అది కొన్నిసార్లు లేని చుక్కలను చూపిస్తుంది, ఉన్నవాటి ఆకారాన్ని మొద్దుబారుస్తుంది. చుక్కలు ఉన్నాయని అది చెబితే కొట్టిపారేయకుండా మరో బొమ్మతో తేల్చుకోవాలి. ఎలాంటివని దాన్నే అడగకూడదు.

ఆ ప్రశ్నకు జవాబు మాగ్నిఫికేషన్ బొమ్మలు ఇస్తాయి. రొమ్మును డిటెక్టరుకు ఎత్తులో ఉన్న స్టాండు మీద పెట్టి, గ్రిడ్ తీసేసి, ఎక్స్‌రే పుట్టే చోటును (ఫోకల్ స్పాట్) 0.1 మి.మీ.కు కుదించి, 1.5 నుంచి 2 రెట్లు పెద్దది చేసి తీస్తారు. సీసీ ఒకటి, పూర్తి పక్కనుంచి 90 డిగ్రీల బొమ్మ ఒకటి. ఎంఎల్ఓలోనే పెద్దది చేసి ఊరుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పక్కబొమ్మ ఎందుకంటే, చిన్న తిత్తుల్లో అడుగున పేరుకున్న సున్నం పైనుంచి గుండ్రంగా, పక్కనుంచి గిన్నె అడుగులా వంపుగా కనబడుతుంది. అలా ఉంటే హాని లేనిది, అక్కడితో ఆపేయవచ్చు. ఈమెలో వంపులు లేవు. ఒక్కో చుక్క ఒక్కో ఆకారంలో, గాజు పెంకుల్లా ఉంది. బైరాడ్స్ 4బి. ఆ గుర్తుకు అర్థం క్యాన్సర్ అవకాశం 10 నుంచి 50 శాతం మధ్య అని. బయాప్సీ తప్పదు.

అల్ట్రాసౌండ్: పాత రిపోర్టులు అబద్ధం చెప్పలేదు

12 మెగాహెర్ట్జ్ పైబడిన లీనియర్ ప్రోబ్‌తో రెండు రొమ్ములూ చూశారు. చేయి తలమీద, బయటి భాగం చూసేటప్పుడు వీపు కింద దిండు. కుడివైపు నీడ మామూలు నీటితిత్తి: లోపల పూర్తి నలుపు, పలుచని గోడ, వెనక వెలుగు. బైరాడ్స్ 2, దాని గురించి ఇక ఆలోచించక్కర్లేదు. ఎడమ 2 గంటల దగ్గర, చుక్కలు ఎక్కడున్నాయో తెలిసి మరీ వెతికినా, ఏమీ లేదు.

దీన్నిబట్టి పాత మూడు రిపోర్టులు ఈ భాగం వరకు తప్పు కాదనే అనుకోవాలి. గడ్డ కట్టకుండా పాలనాళాల్లోనే పాకే తొలిదశ క్యాన్సర్ (డీసీఐఎస్) చాలావరకు అల్ట్రాసౌండ్‌కు కనబడదు. సున్నపు చుక్కలు గడ్డలో ఉంటే మెరుస్తాయి, మామూలు కణజాలంలో ఉంటే దాని మెరుపులోనే కలిసిపోతాయి. కనబడని దాన్ని లేదని రాశారు. తప్పు పరీక్షలో లేదు. ఒక పరీక్షను రెండోదాని స్థానంలో కూర్చోబెట్టడంలో ఉంది.

అల్ట్రాసౌండ్ పనికిరానిదని దీనికి అర్థం కాదు. జపాన్‌లో 40 నుంచి 49 ఏళ్ల మహిళలు 72,998 మందితో జరిగిన జె-స్టార్ట్ ప్రయోగంలో మామోగ్రామ్‌కు అల్ట్రాసౌండ్ జోడిస్తే సున్నితత్వం (ఉన్న క్యాన్సర్లను పట్టుకునే సామర్థ్యం) 77 శాతం నుంచి 91.1 శాతానికి పెరిగింది. క్యాన్సర్ లేనివారిని లేదని చెప్పే సామర్థ్యం 91.4 నుంచి 87.7కు పడిపోయింది. ఆసియా మహిళలు, మన దగ్గర కేసులు ఎక్కువగా కనబడే వయసు, అందుకే ఈ లెక్క మనకు దగ్గరిది. అది జోడించినప్పటి లెక్క అన్నది మాత్రం మరిచిపోకూడదు. అమెరికా సంస్థ నడిపిన ఏక్రిన్ 6666 అధ్యయనంలో ముప్పు ఎక్కువున్నవారికి అల్ట్రాసౌండ్ కలిపితే వెయ్యికి 7.6 నుంచి 11.8కి క్యాన్సర్లు పెరిగాయి. ఆ స్కాను రెండు రొమ్ములకు కలిపి సగటున 19 నిమిషాలు పట్టింది. ప్యాకేజీ క్యూలో ఐదు నిమిషాల్లో ముగించిన స్కానుకు ఆ ఫలితాన్ని అంటగట్టలేం.

ఇంకో చిన్న సంగతి. మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రం రొమ్ముకే వాడినా లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఒకచోటు నుంచి ఇంకోచోటికి ఇష్టమొచ్చినట్టు తీసుకెళ్లడం కుదరదు. మామోగ్రఫీకి అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. ఊళ్లలో క్యాంపు పెట్టాలనుకునేవారు ఈ రెండూ ముందే చూసుకోక చివర్లో చిక్కుపడతారు. ఆ ఖాళీలోకి వేడి కెమెరా పరీక్షలు (థర్మోగ్రఫీ) వచ్చేస్తుంటాయి. థర్మోగ్రఫీ మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదని అమెరికా ఎఫ్‌డీఏ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

ముక్క తీయడం

చుక్కలు అల్ట్రాసౌండ్‌లో కనబడలేదు కాబట్టి సూదిని ఎక్స్‌రే దారిలోనే నడపాలి: స్టీరియోటాక్టిక్ వాక్యూమ్ బయాప్సీ. ఒకసారి నేరుగా, తర్వాత ప్లస్ 15, మైనస్ 15 డిగ్రీల్లో బొమ్మలు తీస్తే చుక్క జరిగిన దూరాన్నిబట్టి లోతు తెలుస్తుంది. రెండు బొమ్మల్లోనూ అదే చుక్క మీద గురిపెట్టారా అన్నది రెండోసారి చూసుకోవాలి. వేర్వేరు చుక్కలను ఎంచుకుంటే లోతు లెక్క పూర్తిగా తప్పుతుంది.

నొక్కినప్పుడు ఆమె రొమ్ము మందం 34 మి.మీ. సూది ముందుకు దూకాక మొన వెనక పలకకు తగలకుండా చోటుండాలి. సన్నని రొమ్ముల్లో ఈ లెక్క చూడకుండా ట్రిగ్గర్ నొక్కితే సూది చర్మం దాటి బయటికొస్తుంది. అందుకే పొట్టి నోరున్న 9 గేజి సూది ఎంచుకున్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారా అని అడిగి, లిగ్నోకైన్ మత్తు ఇచ్చి, చుట్టూ తిప్పుతూ 12 ముక్కలు తీశారు.

సూది బయటికి తీయకముందే ముక్కలకు ఎక్స్‌రే తీయాలి. ఐదింటిలో చుక్కలున్నాయి. చుక్కలున్న ముక్కలను వేరే క్యాసెట్‌లో పెట్టి పాథాలజిస్టుకు ఆ సంగతి రాసి పంపారు. లోపల గుర్తుకు క్లిప్పు వదిలి, మళ్లీ రెండు బొమ్మలు తీసి అది ఉండాల్సిన చోటే ఉందో లేదో చూశారు. పలక వదిలాక రొమ్ము విచ్చుకుంటుంది, దాంతో క్లిప్పు కొన్నిసార్లు సూది వెళ్లిన దారిలో జరుగుతుంది. ఇక్కడ 4 మి.మీ. లోపలికి జరిగింది. ఆ అంకె రిపోర్టులో రాయకపోతే రేపు సర్జన్ తప్పు చోట కోస్తారు. ముక్కలు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో గంటలోపే పడాలి, 6 నుంచి 72 గంటలు ఉండాలి. లేకపోతే మందుల ఎంపికకు చేసే హార్మోను, హెర్2 పరీక్షల ఫలితం నమ్మదగ్గది కాదు.

పాథాలజీ: హై గ్రేడ్ (వేగంగా ముదిరే రకం) డీసీఐఎస్, మధ్యలో చనిపోయిన కణాలు, వాటిలో సున్నం. ఎక్స్‌రేలో చూసిన దానికీ స్లైడులో చూసిన దానికీ పొంతన కుదిరింది. ఒకవేళ సున్నం కనబడలేదని పాథాలజీ రిపోర్టు వస్తే సరేనని ఫైలు మూసేయకూడదు. కాల్షియం ఆక్సలేట్ అయితే మామూలు స్లైడులో కనబడదు, పోలరైజ్డ్ వెలుతురులో చూడమని అడగాలి. అప్పటికీ లేకపోతే బ్లాకులకే ఎక్స్‌రే తీయాలి.

ఎంఆర్‌ఐ: ఎవరూ వెతకని చోట

డీసీఐఎస్ తేలిన ప్రతి ఒక్కరికీ ఎంఆర్‌ఐ కావాలా అన్నదానిలో ఏకాభిప్రాయం లేదు. అక్కర్లేని బయాప్సీలు, కొందరిలో అక్కర్లేని పెద్ద ఆపరేషన్లు దాని వెంట వస్తాయి. ఇక్కడ దట్టమైన రొమ్ము, హై గ్రేడ్, రొమ్ము నిలుపుకోవాలన్న కోరిక, మూడూ కలిశాయి కాబట్టి చేయాలనుకోవడం సబబే.

నెలసరి పదో రోజున చేశారు. 7 నుంచి 14 రోజుల మధ్య మామూలు కణజాలం సిరలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందును తక్కువ పీల్చుకుంటుంది. బోర్లా పడుకోబెట్టి, ప్రత్యేక బ్రెస్ట్ కాయిల్‌లో, కిలోకు 0.1 మిల్లీమోల్ గాడోలినియం. 58 కిలోలకు 5.8 మిల్లీమోల్, లీటరుకు అర మోల్ గాఢత ఉన్న మందైతే 11.6 మి.లీ. సెకనుకు 2 మి.లీ. చొప్పున ఇంజెక్టరుతో ఎక్కించి, వెంటనే 20 మి.లీ. సెలైన్. మందుకు ముందు ఒక సీక్వెన్సు, మందు తర్వాత సుమారు 90 సెకన్ల దగ్గర ఒకటి, ఆ పైన మరికొన్ని. మధ్యలో ఆమె కదిలితే ముందు బొమ్మను తర్వాతి బొమ్మలోంచి తీసివేసినప్పుడు అంచులన్నీ దొంగ వెలుగుతో మెరుస్తాయి. బయాప్సీ చోట గడ్డకట్టిన రక్తం మందు లేకుండానే తెల్లగా ఉంటుంది కాబట్టి తీసివేత బొమ్మ ఒక్కటే చూసి చెప్పకూడదు, ముందు బొమ్మను పక్కన పెట్టుకోవాలి.

2 గంటల దగ్గర వెలుగు 26 మి.మీ. మేర పాకింది. మామోగ్రామ్ చుక్కలు చూపిన 14కు దాదాపు రెట్టింపు. ఎంఆర్‌ఐకి సున్నం కనబడదు, కొత్త రక్తనాళాలు పీల్చుకున్న మందు కనబడుతుంది. సున్నం పట్టని భాగం కూడా అందుకే బయటపడింది. దానికి దూరంగా, 4 గంటల దగ్గర, అంటే కింది బయటి భాగంలో, 7 మి.మీ. గరుకు అంచుల గడ్డ: త్వరగా వెలిగి త్వరగా ఆరింది. మామోగ్రామ్‌కు తిరిగి వెళ్లి అదే చోటు చూసినా, దట్టమైన తెలుపు తప్ప ఏమీ లేదు.

ఎక్కడ వెతకాలో తెలిశాక మళ్లీ అల్ట్రాసౌండ్. బోర్లా పడుకున్నప్పుడు రొమ్ము కిందికి వేలాడుతుంది, వెల్లకిలా పడుకుంటే పరుచుకుంటుంది. అందుకే చర్మం నుంచి లోతు లెక్క పనిచేయదు. గంట స్థానం, చనుమొన నుంచి దూరం, చుట్టూ ఉన్న కొవ్వు, గ్రంథి అమరిక, వీటినే నమ్ముకోవాలి. 4 గంటల దగ్గర, చనుమొనకు 5 సెం.మీ. దూరంలో 6 మి.మీ. నల్లని మచ్చ దొరికింది, అడ్డంగా కంటే నిలువుగా ఎత్తు ఎక్కువ. 14 గేజి కోర్ సూదితో ముక్కలు తీసి, మొదటిదానికి భిన్నమైన ఆకారం క్లిప్పు పెట్టారు. ఫలితం గ్రేడ్ 2 ఇన్‌వేసివ్ డక్టల్ కార్సినోమా, అంటే నాళం దాటి చుట్టుపక్కలకు పాకిన క్యాన్సర్. రెండోసారి చూసినప్పుడు దొరకకపోయినా గడ్డ లేనట్టు కాదు. అప్పుడు ఎంఆర్‌ఐ గదిలోనే సూది వేయాల్సి వస్తుంది, ఆ సదుపాయం ఉన్నచోటికి పంపాల్సిందే.

పాత స్కానుల విషయంలో ఇక్కడ మాత్రం మాట పడాల్సి ఉంది. మూడు రిపోర్టులకూ జతచేసిన బొమ్మలు నాలుగేసి. వాటిలో ఒక్కటీ 4 గంటల చోటుది కాదు. అప్పుడు గడ్డ ఉందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

అయితే అందరికీ ఎంఆర్‌ఐ ఎందుకు వద్దు

ఈ కేసు చదివిన ప్రతివారూ అడిగేది ఇదే. నెదర్లాండ్స్‌లో డెన్స్ ప్రయోగం అత్యంత దట్టమైన రొమ్ములుండి మామోగ్రామ్ నార్మల్ వచ్చిన 50 నుంచి 75 ఏళ్ల మహిళలు 40,373 మందితో జరిగింది. ఎంఆర్‌ఐకి పిలిచిన గుంపులో, రెండు స్క్రీనింగ్‌ల మధ్య బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కు తగ్గాయి. అదే మొదటి రౌండులో ఎంఆర్‌ఐ చేయించుకున్న వెయ్యిమందిలో 16.5 మందికి క్యాన్సర్ దొరికితే, దాదాపు 80 మందిని క్యాన్సర్ లేకుండానే మళ్లీ పిలవాల్సి వచ్చింది. పిలిచినా 41 శాతం మంది రానే లేదు. మన దగ్గర యంత్రాలు, సమయం, ఖర్చు, బోర్లా పడుకుని కదలకుండా ఉండగల ఓపిక, అన్నీ లెక్కలో వేసుకోవాలి.

నడిమి దారులు రెండున్నాయి. పొట్టి ఎంఆర్‌ఐలో మందుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసి పది నిమిషాల్లో ముగిస్తారు. రెండోది కాంట్రాస్ట్ మామోగ్రఫీ. కిలోకు 1.5 మి.లీ. అయోడిన్ మందు, ఈమెకైతే 87 మి.లీ., ఎక్కించి రెండు నిమిషాలాగి మామూలు నాలుగు బొమ్మలనే తక్కువ, ఎక్కువ శక్తుల్లో జంటగా తీస్తారు. మామోగ్రఫీ గదిలోనే అయిపోతుంది. బ్రిటన్‌లో బ్రెయిడ్ ప్రయోగం 2025లో చెప్పిన లెక్క: దట్టమైన రొమ్ములుండి మామోగ్రామ్ నార్మల్ వచ్చినవారిలో కాంట్రాస్ట్ మామోగ్రఫీ వెయ్యికి 19.2, పొట్టి ఎంఆర్‌ఐ 17.4, ఆటోమేటిక్ అల్ట్రాసౌండ్ 4.2 క్యాన్సర్లు పట్టాయి. ఎంఆర్‌ఐ వరుసలో నెలలు ఆగాల్సిన జిల్లా కేంద్రంలో కాంట్రాస్ట్ మామోగ్రఫీయే ఎక్కువ అక్కరకొస్తుందని నా అంచనా. కాకపోతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా, అలర్జీ అడగకుండా, అడ్రినలిన్ ట్రే పక్కన లేకుండా మొదలుపెట్టకూడదు. స్క్రీనింగ్‌కు వచ్చినామె ఆరోగ్యంగా నడిచొచ్చిన మనిషి.

తర్వాత

రెండు వేర్వేరు భాగాల్లో జబ్బు ఉండటంతో సర్జన్, ఆంకాలజిస్టు, పాథాలజిస్టు, రేడియాలజిస్టు కూర్చుని మాట్లాడారు. రెండు చోట్లా విడిగా తీసి రొమ్ము నిలిపే దారి, మొత్తం తీసేసే దారి, రెండూ ఆమె ముందు పెట్టారు. రొమ్ము నిలిపితే రేడియేషన్‌కు ముందే మాగ్నిఫికేషన్ బొమ్మలు మళ్లీ తీసి చుక్కలేమీ మిగల్లేదని చూడాలి. 50 లోపు వచ్చింది, పిన్నికీ ఉంది కాబట్టి జన్యు పరీక్షకు రక్తం పంపారు.

ఆమె చెల్లెలికి 41 ఏళ్లు. అక్కతో పాటు వచ్చి, "నాకూ సోనో మామో రాయండి డాక్టరుగారూ" అన్నారు. చీటీ మీద రాసింది వేరు: రెండు వైపులా డిజిటల్ మామోగ్రామ్, టోమోతో, రిపోర్టులో సాంద్రత తప్పనిసరిగా పేర్కొనాలి. సాంద్రత సి లేదా డి అయితే అదనంగా రెండు వైపులా అల్ట్రాసౌండ్, ప్రతి భాగం బొమ్మ భద్రపరచాలి. అక్క జన్యు ఫలితంలో బీఆర్‌సీఏ (రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే జన్యువు) మార్పు తేలితే ముందు చెల్లెలికీ అదే మార్పు కోసం రక్తపరీక్ష. ఆమెకూ ఉంటే ఈ చీటీ చెల్లదు, ఏటా మామోగ్రామ్‌తో పాటు ఎంఆర్‌ఐ కూడా.